కారుపై చెట్టు జిగురు పడిందా? గోటితో గీకకండి.. ముందు తల పైకెత్తి చూడండి! పెయింట్ పాడవకుండా వదిలించే పద్ధతి ఇదే

ఎండలు మొదలయ్యాయంటే సికింద్రాబాద్‌లో కారున్నవాళ్లు మొదట వెతికేది చెట్టు నీడ. మారేడ్‌పల్లి అయినా, కార్ఖానా అయినా, పద్మారావునగర్ అయినా నీడ దొరికితే చాలు, బండి అక్కడే ఆగుతుంది. సాయంత్రం వచ్చి చూస్తే బానెట్ నిండా మెరిసే చుక్కలు. వేలు పెడితే జిగటగా అంటుకుంటుంది. గుడ్డతో తుడిస్తే పోదు సరికదా, ఇంకా పాముకుంటుంది. చిరాకేసి గోటితోనో, పాత ఏటీఎం కార్డుతోనో గీకితే జిగురు ఊడుతుంది. దాంతో పాటు పెయింట్ మీది మెరుపు కూడా పోతుంది.

జిగురు వల్ల అయ్యే నష్టం కంటే దాన్ని వదిలించే తొందరలో చేసుకునే నష్టమే చాలాసార్లు ఎక్కువ. ఒక్క ప్యానెల్‌కు మళ్లీ పెయింట్ వేయించాలంటే ఖర్చు వేలల్లో ఉంటుంది. పైగా ఎంత బాగా వేసినా కంపెనీ పెయింట్‌తో సరిగ్గా కలవడం కష్టం. అమ్మేటప్పుడు రీపెయింట్ కనిపిస్తే కొనేవాడు ధర తగ్గించి అడుగుతాడు. కారు మీదే బతుకు నడిపే క్యాబ్ డ్రైవర్లకు ఇది చిన్న లెక్క కాదు. కానీ సకాలంలో సరిగ్గా చేస్తే చాలా మరకలు ఒక బకెట్ గోరువెచ్చని నీళ్లు, ఒక మెత్తని గుడ్డతోనే పోతాయి. అదెలాగో చూద్దాం.

అసలు పడేది జిగురేనా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. చెట్టు కింద కారుపై పడే జిగటంతా చెట్టు నుంచి కారేది కాదు. నగరంలో ఎక్కువగా కనిపించే సన్నని మెరిసే చుక్కలు చెట్టు మీద ఉండే పురుగులు వదిలేవి. ఆకుల్లో, కొమ్మల్లో ప్రవహించే రసంలో చక్కెర ఎక్కువ, పురుగుకు కావాల్సిన మాంసకృత్తులు తక్కువ. అందుకే ఆ పురుగులు రసాన్ని చాలా ఎక్కువగా పీల్చి, మిగిలిన తీపి నీటిని బయటకు వదిలేస్తాయి. అదే చినుకుల్లా కింద పడుతుంది.

రైతులకు ఇది కొత్త సంగతి కాదు. పేనుబంక, తేనెమంచు పురుగు అని వాళ్లు పెట్టుకున్న పేర్లలోనే విషయమంతా ఉంది. మామిడి పూత వేళ, అంటే జనవరి నుంచి మార్చి మధ్య, తేనెమంచు పురుగు ఉద్ధృతంగా ఉంటే చెట్టు కింది ఆకులు, నేల అన్నీ జిగటగా మారతాయి. ఇంటి ఆవరణలో మామిడి చెట్టు, దాని కింద కారు ఉంటే బానెట్ పరిస్థితీ అంతే.

1806లో కంటోన్మెంట్‌గా మొదలైన ఊరు సికింద్రాబాద్. పాత బంగళాలు, రైల్వే కాలనీలు, కంటోన్మెంట్ రోడ్ల వెంట పెద్ద చెట్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో గొడుగులా విచ్చుకునే నిద్రగన్నేరు ఒకటి. సాయంత్రమైతే ఆకులు ముడుచుకుంటుంది కాబట్టి తెలుగులో ఆ పేరు. ఇంగ్లిష్‌లో దీన్ని రెయిన్ ట్రీ అంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పే కథల్లో ఒకటి.. చెట్టు మీది పురుగులు వదిలే రసం కింద సన్నని వానలా పడటం. కారు యజమానుల బాధ అప్పుడే ఎవరో పేరులో రాసిపెట్టినట్టుంది!

నాలుగు రకాలు.. నాలుగు మందులు

జిగురు ఏ రకమో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మన దగ్గర కార్ల మీద పడేవి ప్రధానంగా నాలుగు.

1. తేనె మంచు: సన్నని, పారదర్శకమైన చుక్కలు. కారు పైభాగమంతా స్ప్రే కొట్టినట్టు ఒకే తీరుగా ఉంటాయి. చెట్టు కాండం మీద చీమలు బారులు తీరి ఉంటే దాదాపు ఇదే. పట్టించుకోకుండా వదిలేస్తే దానిమీద మసిలా నల్లని బూజు పడుతుంది. ఇందులో ఉన్నది చక్కెర కాబట్టి నీళ్లలో కరుగుతుంది.

2. బంక: వేప, తుమ్మ, మునగ లాంటి చెట్ల కాండం నుంచి వచ్చేది. తేనె రంగులో, ఎండితే గాజు ముక్కలా గట్టిగా ఉంటుంది. ఇది కూడా నీళ్ల మాట వినేదే. ఒకప్పుడు తుమ్మ బంకను నీళ్లలో నానబెట్టి పిల్లలు కాగితాలు అతికించుకునేవారు. కారు మీద కూడా అదే సూత్రం. నానితే మెత్తబడుతుంది, మెత్తబడితే వదిలేస్తుంది. కాకపోతే కాస్త టైమ్ పడుతుంది.

3. పాలు: మర్రి, రావి, జువ్వి, మేడి, పనస లాంటి చెట్ల కొమ్మ విరిగితే కారే తెల్లని పాలు. గాలివానకు రెమ్మలు విరిగినప్పుడు కారు మీద పడతాయి. ఎండాక గోధుమ రంగులోకి మారి రబ్బరులా సాగుతాయి. వీటిమీద నీళ్లు పనిచేయవు. పనసకాయ కోసేముందు చేతులకు, కత్తికి నూనె ఎందుకు రాసుకుంటాం? పాలు అంటుకోకుండా. ఇక్కడా అదే చిట్కా.

4. సొన: మామిడి కాయ తెంపినప్పుడు ముచిక దగ్గర చిమ్మే ఘాటైన రసం. చర్మం మీద పడితే పొక్కులు వస్తాయని ఊళ్లో అందరికీ తెలుసు. ఇందులో నూనె గుణం ఉన్న పదార్థాలుంటాయి. చల్లటి నీళ్లతో పూర్తిగా పోదు. ఆల్కహాల్ గానీ, నూనె గానీ కావాలి.

ఇంటర్నెట్‌లో కనిపించే కార్ క్లీనింగ్ వీడియోల్లో చాలా వరకు అమెరికా, యూరప్ దేశాలవి. అక్కడ ప్రధాన సమస్య పైన్ చెట్ల జిగురు. అది నీళ్లలో కరగదు కాబట్టి వాళ్లు నేరుగా ఆల్కహాల్, టర్పెంటైన్ సీసాలు తీస్తారు. అవి చూసి ఇక్కడ కూడా మొదటి నిమిషంలోనే కెమికల్ పట్టుకుంటే లాభం తక్కువ, రిస్క్ ఎక్కువ. మన దగ్గర మొదటి మందు నీళ్లే. కెమికల్ చివరి మందు.

పెయింట్‌కు ఏమవుతుంది?

కారు రంగు ఒకే పొర కాదు. ఇనుప రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిపై ప్రైమర్, దానిపై రంగు, అన్నిటికంటే పైన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. అన్నీ కలిపినా దాదాపు ఒక ఏ4 కాగితం మందం, లేదంటే అంతకంటే కొంచెం ఎక్కువ. క్లియర్ కోట్ ఒక్కటే చూస్తే దాదాపు 40, 50 మైక్రాన్లు. అంటే తల వెంట్రుక కంటే సన్నం. మనం చూసే మెరుపంతా ఈ పొరదే.

జిగురు పడగానే ఈ పొరకు ఏమీ కాదు. అసలు సమస్య ఎండ. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటితే, ఎండలో నిలబెట్టిన కారు రేకు అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. ముదురు రంగు కార్లయితే చేయి పెట్టలేం. ఆ వేడికి క్లియర్ కోట్ కాస్త మెత్తబడుతుంది. పైనున్న జిగురు ఎండి, గట్టిపడి, ముడుచుకుంటుంది. రాత్రి చల్లబడేటప్పుడు జిగురు ఆకారం కింది పొరలో అచ్చులా మిగిలిపోతుంది. జిగురు తీసేసినా గుండ్రని నీడలా ఒక మరక కనిపిస్తుందంటే కారణం ఇదే. పక్షి రెట్టలతోనూ ఇదే జరుగుతుంది. అందుకే కార్ల కంపెనీలు పెయింట్‌ను పరీక్షించేటప్పుడు చెట్టు జిగురును, పక్షి రెట్టను పోలిన పదార్థాలను వేడి మీద ఉంచి చూస్తాయి.

అంటే టైమ్ ముఖ్యం. అదే రోజు సాయంత్రం కడిగితే చాలా వరకు నీళ్లతోనే పోతుంది. రెండు మూడు రోజుల ఎండ తగిలితే నానబెట్టాలి. వారాల తరబడి వదిలేస్తే జిగురు పోయినా అచ్చు మిగలొచ్చు. చలికాలంలో కొంత వెసులుబాటు ఉంటుంది. ఏప్రిల్, మేలో మాత్రం ఉండదు.

ఇవి దగ్గర పెట్టుకోండి

రెండు బకెట్లు, కారు షాంపూ, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు మూడు నాలుగు, గోరువెచ్చని నీళ్లు. మొండి మరకల కోసం మెడికల్ షాపులో లేదా ఆన్‌లైన్‌లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వంటింట్లోని కొబ్బరి నూనె. ఇంకా అవసరమైతే కార్ల కోసమే తయారుచేసే టార్ రిమూవర్, క్లే బార్. ఇవన్నీ రాణిగంజ్ వైపు ఆటో స్పేర్స్ దుకాణాల్లో, కార్ యాక్సెసరీస్ షాపుల్లో దొరికేవే. మొత్తం ఖర్చు వందల్లోనే తేలిపోతుంది.

స్టెప్ బై స్టెప్.. ఈ వరస తప్పొద్దు

స్టెప్ 1: నీడలో పెట్టండి, చల్లారనివ్వండి. బానెట్ మీద అరచేయి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఆగండి. వేడి రేకు మీద షాంపూ అయినా, ఆల్కహాల్ అయినా క్షణాల్లో ఆరిపోయి కొత్త మరక వేస్తుంది. ఉదయం 8 లోపు గానీ, సాయంత్రం ఎండ దిగాక గానీ మంచి టైమ్.

స్టెప్ 2: ముందు దుమ్ము పోగొట్టండి. జిగురును ముట్టుకోకముందే కారుపై నీళ్లు పోసి ఇసుక, దుమ్ము జారిపోయేలా చేయండి. జిగురు దుమ్మును పట్టి ఉంచుతుంది. పొడిగా రుద్దితే ఆ ఇసుక రేణువులే గరుకు కాగితంలా పనిచేస్తాయి. ఎండలో చూస్తే సాలెగూడులా కనిపించే గీతలు ఎక్కువగా ఇలాగే పడతాయి.

స్టెప్ 3: షాంపూతో కడగండి. ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, ఇంకో బకెట్‌లో మామూలు నీళ్లు. గుడ్డను తుడిచిన ప్రతిసారీ మామూలు నీళ్లలో జాడించి, తర్వాతే షాంపూలో ముంచాలి. తాజా తేనె మంచు అయితే చాలా వరకు ఇక్కడితోనే కథ ముగుస్తుంది.

స్టెప్ 4: పోనిచోట నానబెట్టండి. గోరువెచ్చని నీళ్లలో మైక్రోఫైబర్ గుడ్డ ముంచి, మరక మీద పరచి 5 నుంచి 10 నిమిషాలు వదిలేయండి. చేయి పెట్టగలిగేంత వేడి చాలు, మరిగే నీళ్లు వద్దు. గుడ్డ చల్లబడితే మళ్లీ ముంచి పరచండి. తర్వాత నొక్కకుండా ఒకే దిశలో మెల్లగా తుడవండి. వేప బంకలాంటి గట్టి ముద్దకు ఇలా మూడు నాలుగు సార్లు చేయాల్సి రావచ్చు. మెత్తబడిన కొద్దీ పైపొర తీస్తూ పోవాలి. ఒకేసారి పెకిలించాలని చూడొద్దు.

స్టెప్ 5: అప్పటికీ పోకపోతే ఆల్కహాల్. ముందుగా తలుపు అంచు లోపలి వైపులాంటి కనిపించని చోట కొంచెం రాసి చూడండి. గుడ్డకు రంగు అంటుకోకపోతే, మెరుపు తగ్గకపోతే ముందుకు వెళ్లొచ్చు. ఆల్కహాల్‌ను కారు మీద పోయకూడదు. గుడ్డను తడిపి, మరక మీద అర నిమిషం పాటు ఆనించి, మెల్లగా తుడవాలి. ఆరిపోయేదాకా ఉంచొద్దు. మరక వదిలిన వెంటనే ఆ భాగాన్ని షాంపూ నీళ్లతో కడిగేయాలి. ఇది మండే ద్రవం. పక్కన సిగరెట్, దీపం, స్టవ్ లాంటివి ఉండకూడదు. మూసిన గ్యారేజీలో కాకుండా గాలి ఆడేచోట చేయాలి.

స్టెప్ 6: రబ్బరులా సాగే పాలైతే నూనె. మర్రి, రావి, పనస పాల మరకకు కొబ్బరి నూనె రాసి పది నిమిషాలు వదిలేస్తే అంచులు లేస్తాయి. మెత్తని గుడ్డతో చుట్టలా చుట్టుకుంటూ తీసేయొచ్చు. లొంగకపోతే టార్ రిమూవర్, డబ్బా మీద రాసినంత సేపే. నూనె మిగిలితే దుమ్ము పట్టేస్తుంది కాబట్టి చివర్లో షాంపూతో కడగడం తప్పనిసరి.

స్టెప్ 7: చేత్తో తడిమి చూడండి. ఆరిన తర్వాత పలుచని ప్లాస్టిక్ కవర్ చేతికి తొడుక్కుని మరక ఉన్నచోట మెల్లగా నిమరండి. కంటికి కనిపించనివి కూడా గరుకుగా చేతికి తెలుస్తాయి. ఉంటే క్లే బార్ వాడాలి. కారు మీద షాంపూ నీళ్లు బాగా చల్లి, జారుడుగా ఉన్నప్పుడే క్లే ముక్కను బరువు వేయకుండా నడపాలి. క్లే కింద పడితే మళ్లీ వాడొద్దు, దానికి అంటుకున్న మట్టి కారును గీస్తుంది.

స్టెప్ 8: వ్యాక్స్. ఆల్కహాల్, టార్ రిమూవర్, క్లే.. ఏది వాడినా ఆ చోట ఉన్న పాత వ్యాక్స్ పోతుంది. కొత్తగా ఒక పూత వేయకపోతే తర్వాతి చుక్క నేరుగా క్లియర్ కోట్ మీదే పడుతుంది.

నీళ్ల విషయంలో రెండు మాటలు

నగరంలో చాలా అపార్ట్‌మెంట్లలో వచ్చేది బోరు నీళ్లు, ఉప్పు ఎక్కువ. వాటిని కారు మీదే ఆరనిస్తే తెల్లటి చుక్కలు మిగులుతాయి. జిగురు మరక వదిలించి ఉప్పు మరక తెచ్చుకున్నట్టు అవుతుంది. కడిగిన వెంటనే పొడి మైక్రోఫైబర్‌తో తుడవాలి.

రెండోది, పైపు అక్కర్లేదు. పైన చెప్పినదంతా రెండు మూడు బకెట్ల పని. 2024 వేసవిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరులో తాగునీటితో కార్లు కడిగితే 5 వేల రూపాయల జరిమానా పెట్టారు. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీలు మన దగ్గరా ఉన్నాయి.

అద్దం, హెడ్‌లైట్, రీపెయింట్.. ఇక్కడ రూల్స్ వేరు

విండ్‌షీల్డ్ గాజు కాబట్టి గట్టిది. ఆల్కహాల్ నేరుగా వాడొచ్చు. అప్పటికీ పోని ముద్దను బాగా తడిపి, కొత్త బ్లేడును వాలుగా పట్టుకుని తీయొచ్చు. బ్లేడు వాడదగ్గ చోటు కారు మొత్తంలో ఇదొక్కటే. జిగురు ఉండగా వైపర్ మాత్రం వేయొద్దు. అద్దమంతా పాముకుంటుంది, వైపర్ రబ్బరు అంచు కూడా పాడవుతుంది. వాన పడుతుండగా ముందు ఏమీ కనిపించకపోతే అది ప్రాణం మీదికి వచ్చే విషయం.

హెడ్‌లైట్లు పైకి గాజులా కనిపించినా ప్లాస్టిక్. వాటి మీద టర్పెంటైన్, టార్ రిమూవర్ లాంటివి వాడితే మసకబారే ప్రమాదం ఉంది. గోరువెచ్చని నీళ్లు, షాంపూతోనే ఓపిగ్గా చేయాలి. బంపర్ కింది నల్ల ప్లాస్టిక్ భాగాలకూ అంతే.

ఈమధ్యే డెంటింగ్, పెయింటింగ్ చేయించిన ప్యానెల్ అయితే ఇంకా జాగ్రత్త. గ్యారేజీలో వేసిన పెయింట్ పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. మొదటి నెలలో నీళ్లు, షాంపూ తప్ప ఇంకేమీ వద్దు. మాట్ ఫినిష్ కార్లకు పాలిష్, వ్యాక్స్ వేస్తే అక్కడక్కడా మెరిసి అసహ్యంగా తయారవుతుంది. పీపీఎఫ్, ర్యాప్ ఉన్న కార్లకు ఏ కెమికల్ వాడొచ్చో వేసినవాళ్లనే అడగడం మేలు. సిరామిక్ కోటింగ్ ఉంటే జిగురు త్వరగా వదులుతుంది. అంతేగానీ దానికి ఏమీ అంటదు అనుకుంటే పొరపాటు.

ఇవి మాత్రం అస్సలు వద్దు

గోరు, నాణెం, కత్తి, గిన్నెలు తోమే పీచు: జిగురు కంటే ముందు క్లియర్ కోట్ పోతుంది.

థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్: ఇవి పెయింట్‌నే కరిగించగలవు. రీపెయింట్ చేసిన చోట పడితే రంగు లేచి వచ్చేస్తుంది.

పెట్రోల్: మెకానిక్ షెడ్లలో చాలామంది వాడే చిట్కా. మంటలు అంటుకునే ప్రమాదం ఒకటి, మెరుపు తగ్గడం ఇంకొకటి.

బట్టల సర్ఫ్: జిగురు మీద పెద్దగా పనిచేయదు. వ్యాక్స్‌ను మాత్రం తీసేస్తుంది.

టూత్‌పేస్ట్: అందులో ఉండేది సన్నని గరుకు పొడి. మరక పోయినట్టు కనిపిస్తుంది, ఎండలో చూస్తే గీతలు తేలతాయి.

ఉదయాన్నే తుడిచే గుడ్డే అసలు సమస్య

అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే ఒకే బకెట్, ఒకే గుడ్డతో పది పన్నెండు కార్లు తుడుస్తారు. ఇది వాళ్ల తప్పు కాదు. వాళ్లకు ఇచ్చే టైమ్, నీళ్లు, జీతం అంతే. కానీ జిగురు పడిన కారును అదే గుడ్డతో రుద్దితే అంతకుముందు కార్ల దుమ్మంతా ఆ జిగురులో చేరి గీతలు పడతాయి. ఒక మైక్రోఫైబర్ గుడ్డ మన కారుకు మాత్రమే అని విడిగా ఇవ్వాలి. జిగురు కనిపిస్తే రుద్దొద్దని, ఫోన్ చేయమని చెప్పాలి. దీనికయ్యే ఖర్చు ఒక గుడ్డ ధరే.

జిగురు పోయింది.. మరక పోలేదు, ఎలా?

క్లియర్ కోట్‌లో అచ్చు పడిందని అర్థం. ఎన్నిసార్లు కడిగినా పోదు. పాలిష్ చేయాల్సిందే. లోతు తక్కువైతే చేత్తో పాలిష్ చేసినా సరిపోతుంది. ఎక్కువైతే మెషీన్ పాలిష్. కానీ పాలిష్ అంటే క్లియర్ కోట్‌ను కొంచెం అరగదీసి చదును చేయడమే. పైపొర మొత్తం 40, 50 మైక్రాన్లే కాబట్టి ప్రతిసారీ కొన్ని మైక్రాన్లు పోతే ఎన్నిసార్లు చేయించగలమో లెక్క వేసుకోవచ్చు.

డిటైలింగ్ షాపుకు వెళ్తే రెండు ప్రశ్నలు అడగండి. పెయింట్ మందం కొలిచే మీటర్ ఉందా? మరక ఉన్న ప్యానెల్ ఒక్కటే చేస్తారా, లేక కారంతా చేయాల్సిందే అంటారా? రెండు చుక్కల కోసం ఫుల్ ప్యాకేజీ అంటగట్టే చోట ఒకసారి ఆలోచించాలి. వేలితో తడిమితే గుంటలా తగిలినా, కింది రంగు తేలిపోయినా పాలిష్‌తో పని కాదు, ఆ ప్యానెల్‌కు పెయింటే దారి. ఇన్సూరెన్స్ మీద మరీ ఆశలు పెట్టుకోవద్దు. మామూలు మోటార్ పాలసీలు అరుగుదలను, కాలక్రమంలో వచ్చే పాడును కవర్ చేయవు.

మళ్లీ పడకుండా ఏం చేయాలి?

పార్క్ చేసేముందు పది సెకన్లు కింద చూడండి. నేల మీద నల్లటి జిగట మచ్చలు, కాండం మీద చీమల బారు, ఆకుల మీద మసి ఉంటే ఆ చెట్టు కింద వద్దు. నాలుగు అడుగుల దూరంలో ఇంకో చెట్టు ఉంటే దాని కింద పెట్టుకోవచ్చు. చెట్టన్నాక కారుతుందని కాదు. పురుగు పట్టిన చెట్టు కిందే ఈ బాధ ఎక్కువ.

రోజూ అదే చోట పెట్టక తప్పనివాళ్లు రెండు మూడు నెలలకోసారి వ్యాక్స్ వేయించుకోవడం మంచిది. జిగురు వ్యాక్స్ మీద ఆగుతుంది, తీయడం తేలికవుతుంది. కారు కవర్ కూడా పనికొస్తుంది. కానీ దుమ్ము ఉన్న కారుపై కవర్ వేస్తే గాలికి కదిలి అదే గీస్తుంది. పైన జిగురు పట్టిన కవర్‌ను ఉతకకుండా మడిచిపెడితే లోపలి వైపుకూ అంటుకుంటుంది.

చెట్టు కొట్టేద్దామా?

జిగురు బాధ ఎక్కువైనచోట చివరికి వచ్చే మాట ఇదే. అపార్ట్‌మెంట్ మీటింగుల్లో, కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు అంటారు. అంత తేలిగ్గా చేసే పని కాదు. 2002లో వచ్చిన వాల్టా చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. దాని ప్రకారం ముందుగా అనుమతి లేకుండా చెట్టు కొట్టడం నేరం, సొంత స్థలంలో ఉన్నా సరే. కొమ్మలు ప్రమాదకరంగా వేలాడుతుంటే కంటోన్మెంట్ పరిధిలో కంటోన్మెంట్ బోర్డుకు, మిగతా చోట్ల మున్సిపల్ కార్పొరేషన్‌కు చెప్పాలి.

చట్టం సంగతి పక్కన పెట్టినా లెక్క కుదరదు. బయట 40 డిగ్రీలుంటే ఎండలో నిలబెట్టిన కారు లోపల 60 దాటడం మామూలే. డ్యాష్‌బోర్డు, సీట్లు, టైర్లు, పెయింట్ అన్నీ ఆ ఎండకు దెబ్బతింటాయి. చెట్టు పోతే జిగురు పోతుంది, కానీ రోజంతా ఎండ మిగులుతుంది. జిగురును కడిగేయొచ్చు. ఎండకు వెలిసిన రంగును ఎవరూ కడగలేరు.

పురుగు పట్టిన చెట్టుకు వైద్యం ఉంది. ఇంటి ఆవరణలో అందే ఎత్తున ఉన్న చెట్టయితే పైపుతో ఒత్తిడిగా నీళ్లు కొట్టినా పేనుబంక, పిండినల్లి కొంత రాలిపోతాయి. వేప నూనె, కొద్దిగా సబ్బు కలిపిన నీళ్లు సాయంత్రం పూట పిచికారీ చేయడం తోటల పెంపకందారులు చాలాకాలంగా చేస్తున్న పనే. పురుగు తగ్గితే తేనె మంచు తగ్గుతుంది. కారూ బాగుంటుంది, చెట్టూ బాగుంటుంది.

తరచూ వచ్చే సందేహాలు

శానిటైజర్ వాడొచ్చా? అత్యవసరమైతే ఒకటి రెండు చుక్కలకు వాడొచ్చు, అందులో ఉన్నదీ ఆల్కహాలే. జెల్ రకంలో వేరే పదార్థాలు కలిసి ఉంటాయి కాబట్టి వెంటనే కడిగేయాలి.

ఐస్ పెడితే ఊడుతుందా? పెద్ద ముద్దయితే చల్లదనానికి పెళుసుగా మారి కొంత రాలొచ్చు. కానీ ఊడని దాన్ని పెకిలిస్తే పెయింట్ కూడా రావచ్చు. నానబెట్టడమే సేఫ్.

ప్రెషర్ వాష్ చాలదా? తాజా తేనె మంచుకు చాలు. ఎండిన బంకకు, పాలకు చాలదు. ఒకేచోట దగ్గరగా కొడితే రీపెయింట్ చేసిన అంచులు లేచే ప్రమాదమూ ఉంది.

నేరేడు పండ్లు, పూల మరకలకు కూడా ఇదే పద్ధతా? అవును. ముందు నీళ్లు, తర్వాత షాంపూ, చివర్లోనే ఆల్కహాల్. వరస మారదు.

టూవీలర్ ట్యాంకుకు? అదీ పెయింటే, అవే స్టెప్పులు. కాకపోతే పెట్రోల్ మూత దగ్గర ఆల్కహాల్ గుడ్డ వాడేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి.

సాయంత్రం బండి తీసేముందు బానెట్ మీద చుక్కలు కనిపిస్తే ఇంటికెళ్లాక చూద్దాంలే అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. డిక్కీలో ఒక నీళ్ల బాటిల్, ఒక మైక్రోఫైబర్ గుడ్డ ఉంచుకుంటే చాలు. రేకు చల్లారాక అక్కడికక్కడే తడిపి, ఐదు నిమిషాలు ఆగి, మెల్లగా తుడిస్తే ఆ రోజు మరక ఆ రోజే పోతుంది. మర్నాడు మళ్లీ అదే చెట్టు కింద నిశ్చింతగా పెట్టుకోవచ్చు.